‘అపాత్రుడను’ అన్నచోట హీబ్రూలో ఏముంది? ఆదికాండం 32:10, ఒక హసీదీ గురువు ఉత్తరం

తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఈ వాక్యం బాగా పరిచయం. అన్న ఏశావు నాలుగు వందల మందితో ఎదురొస్తున్నాడని విని యాకోబు భయంతో చేసే ప్రార్థనలోది: “నీవు నీ సేవకునికి చేసిన సమస్తమైన ఉపకారములకును సమస్త సత్యమునకును అపాత్రుడను.”

మూలంలో పాత్రత అనే మాట లేదు. “కాతోంతి మిక్కోల్ హఖసాదీమ్” అని ఉంది. కాతోంతి అంటే చిన్నవాణ్ణి, లేదా చిన్నవాణ్ణయ్యాను. కోల్ అంటే అన్నీ, ఖసాదీమ్ అంటే ఉపకారాలు. చిక్కంతా ముందున్న ‘మి’ దగ్గరే. దీని పూర్తిరూపం మిన్. బళ్లో మనం వల్లెవేసిన పంచమీ విభక్తి గుర్తుందా? వలనన్, కంటెన్, పట్టి. హీబ్రూలో ఈ పనులన్నీ ఆ ఒక్క మిన్ చేస్తుంది.

‘కంటె’ అనుకుంటే, ఆ ఉపకారాల కంటె నేను చిన్నవాణ్ణి, వాటికి తగను అని అర్థం. మన అనువాదకులు ఈ దారినే వెళ్లారు. అది సరైన దారే. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి మాత్రం ‘వలన’ వైపు వెళ్లారు. నువ్వు చేసిన మేళ్ల వలన నా పుణ్యం తరిగిపోయింది, ఇక నన్ను కాపాడటానికి ఏమీ మిగల్లేదేమో అని యాకోబు భయమట.

ఇంకో అర్థం 1798లో రాసిన ఒక ఉత్తరంలో ఉంది. రాసినవారు ష్నేయర్ జల్మాన్. యూదుల్లో 18వ శతాబ్దంలో పుట్టిన భక్తి ఉద్యమమే హసీదీ మార్గం, అందులో ఖబాద్ అనే శాఖకు ఈయన మూలపురుషుడు. అప్పట్లో లియోజ్నాలో ఉండేవారు, అది ఇప్పటి బెలారుస్‌లో ఉంది. హసీదీ మార్గం నచ్చని యూదులను మిత్నగ్దీమ్ అనేవారు, అంటే వ్యతిరేకులు. ఆ వైపు నుంచి రష్యా ప్రభుత్వానికి ఫిర్యాదులు వెళ్లాయి: కొత్త మతశాఖ పెడుతున్నాడు, తుర్కుల ఏలుబడిలో ఉన్న పవిత్రభూమికి డబ్బు పంపుతున్నాడు అని. ఆయన్ని పీటర్స్‌బర్గ్‌కు తీసుకెళ్లి ఖైదులో పెట్టారు. యూదు పంచాంగం ప్రకారం కిస్లేవ్ 19న, అంటే 1798 నవంబరు 27న వదిలేశారు. ఖబాద్ వాళ్లు ఈ రోజును ఇప్పటికీ పండగలా జరుపుకుంటారు.

గురువు నిర్దోషిగా బయటికొస్తే శిష్యులు ఊరుకుంటారా? సొంత జాతివాళ్లే పట్టించారన్న మంట, గెలిచామన్న గర్వం రెండూ ఉంటాయి. అది తెలిసి ఆయన రాసిన ఉత్తరం ఇది. మొదటి మాటే “కాతోంతి”.

ఆయన ‘పట్టి’ అని చదివారు: ఉపకారాలను పట్టి చిన్నవాణ్ణయ్యాను. దేవుడు ఒక మేలు చేశాడంటే ఆ మనిషిని దగ్గరికి తీసుకున్నట్టు. ఆయన ఎదుట సమస్తమూ శూన్యం. కాబట్టి ఎంత దగ్గరైతే అంత ఏమీ కానట్టు అవుతాం. ప్రతి మేలుతోనూ మనిషి తన కళ్లకు తాను ఇంకా చిన్నవాడు కావాలి. మేలు జరిగేకొద్దీ గర్వం పెరగడం దీనికి పూర్తిగా ఎదురు గుణం అని కూడా రాశారు. ఈ లెక్కన యాకోబు భయం కూడా వేరుగా కనిపిస్తుంది. అదే వచనంలో చెప్పుకున్నట్టు, ఒకప్పుడు చేతికర్రతో మాత్రమే నది దాటినవాడు ఇప్పుడు రెండు గుంపులయ్యేంత పరివారం కలవాడయ్యాడు. అన్ని మేళ్లు అందుకున్నాడు కనుకే తన కళ్లకు తాను అంత చిన్నవాడయ్యాడు, రక్షణకు తగనేమో అనుకున్నాడు.

తర్వాత అసలు సంగతికి వస్తారు. మన సోదరుల మీద గొప్పలకు పోవద్దు, వాళ్లను నోటికొచ్చినట్టు అనవద్దు, ఈలలు వేసి వెక్కిరించవద్దు అని గట్టిగా హెచ్చరిస్తారు. ప్రతి మనిషి ముందూ తగ్గి ఉండమంటారు. ఇక్కడ సామెతల గ్రంథంలోని మాట తెస్తారు, మన తెలుగులో “మృదువైన మాట క్రోధమును చల్లార్చును” అని ఉన్నదే. అలా ఉంటే వాళ్ల మనసులోనూ దేవుడు మార్పు తెస్తాడేమో అని ఆశ. ఆ “ఏమో” నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఖైదు నుంచి అప్పుడే వచ్చిన మనిషి ఫలితం మీద పూచీ ఇవ్వకుండానే శిష్యులను తగ్గమంటున్నాడు.

ఒక సభ్యుడు: బాగుందండీ. కానీ ఇది మన భర్తృహరి చెప్పిందే కదా? “ఉద్ధతులు గారు బుధులు సమృద్ధిచేత” అని ఏనుగు లక్ష్మణకవి తెనిగించారు.

జవాబు: మంచి పద్యం గుర్తుచేశారండీ. గర్వపడకపోవడం రెండు చోట్లా ఉంది, కారణం మాత్రం వేరు. పద్యంలో పండ్ల బరువుకు చెట్టు వంగుతుంది, ఇతరులకు మేలు చేసేవాళ్లకు అది సహజగుణం. ఉత్తరంలోని మనిషి ఇచ్చేవాడు కాడు, పుచ్చుకున్నవాడు. అతను చిన్నవాడు కావడానికి కారణం దేవుడి సామీప్యం. పైగా అది సహజంగా వస్తుందని గురువుగారు అనుకోలేదు. అలా అనుకుంటే ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

ఒక సభ్యురాలు: అయితే తెలుగులో ఆ వాక్యం మార్చాలంటారా?

జవాబు: అక్కర్లేదండీ. ఆదికాండం చదివేటప్పుడు ‘అపాత్రుడను’ హాయిగా నిలుస్తుంది. ఈ ఉత్తరాన్ని ఎవరైనా తెలుగు చేస్తే మాత్రం ఆ మాట పనికిరాదు, తర్వాతి వాదమంతా కూలిపోతుంది. “నీ ఉపకారములన్నిటిని బట్టి చిన్నవాడనైతిని” అంటే నడుస్తుంది. వెతికేవాళ్లకు రెండు విషయాలు: హీబ్రూ ప్రతుల్లో ఈ వచనం సంఖ్య 32:11. ఇక ఉత్తరం ఆయన గ్రంథం ‘తాన్యా’లో ఉంది. ఆ గ్రంథం మొదట 1796లో అచ్చయింది. ఆయన పోయాక 1814లో ష్క్లోవ్‌లో వేసిన ప్రతిలో ‘ఇగ్గెరెత్ హకోదెష్’ (పవిత్ర లేఖ) పేరుతో ఉత్తరాలు చేర్చారు. 32 ఉత్తరాల్లో ఇది రెండోది.