బరంపురంలో తినిపిస్తూ, ఊరి చరిత్ర చెబుతూ నడిపించే గైడ్ ఎవరైనా ఉన్నారా?

మా పిన్నివాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తున్నారండి. గోపాల్‌పూర్ బీచ్ నేనే తిప్పేస్తాను కానీ, వాళ్ళకి పొద్దున్నే ఊళ్ళో నడుస్తూ, ఎక్కడికక్కడ టిఫిన్ తింటూ పాత సంగతులు వినాలని ఉందట. నేనిక్కడే పుట్టి పెరిగినా, 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నామనీ, వి.వి.గిరి గారు 1894లో ఈ ఊళ్ళోనే పుట్టారనీ తప్ప పెద్దగా చెప్పలేను, ఆ రెండూ బాబాయికి ముందే తెలుసు!

బడా బజార్ వైపు మొదలుపెట్టి, వడ-ఘుగుని తిని, బుఢీ ఠాకురాణి గుడి చూసి, పట్టుచీరలు నేసే ఇళ్ళ మీదుగా వెళ్ళి చివర్లో అప్పడాలు, ఊరగాయలు కొనుక్కునేలా ఉంటే చాలు. చీరల షాపులో కూర్చోబెట్టి కమీషన్ కొట్టే రకం మాత్రం వద్దు. ఒడియా పిన్నికి ఒక్క ముక్క రాదు, తెలుగులో చెప్పాలి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కూడా, మధ్యలో ఆటో ఎక్కినా ఫర్వాలేదా? మనిషికింత తీసుకుంటారా, అందరికీ కలిపా? తిండి ఖర్చు అందులోనేనా? రిటైరైన మాస్టారెవరైనా సరదాగా వస్తానన్నా సంతోషమే.