1967 ముస్టాంగ్: పవర్ బ్రేక్ పెడల్ రాయిలా ఉంది, పైగా బ్రేకులు పట్టేస్తున్నాయి

ప్రశ్న:
డల్లాస్‌లో ఉంటాను. నా వీ8 ముస్టాంగ్‌కు ముందు డ్రమ్ములు తీసి డిస్కులు వేసి, బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో పాదం బలాన్ని పెంచేది), మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కుడును బ్రేక్ ఆయిల్ పీడనంగా మార్చేది) కలిసి వచ్చే కిట్ బిగించాను. పెడల్ తొక్కితే రాయిని తొక్కినట్లుంది. పది మైళ్ళు తిరిగేసరికి ముందు చక్రాలు వేడెక్కి బండి కదలనంటుంది; చల్లారితే మామూలవుతుంది. బూస్టర్ మార్చమంటారా?

సమాధానం 1:
తొందరపడి మార్చకండి. ఇంజన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌ను ఖాళీ చేయండి. తరువాత పెడల్‌ను తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే, అది పాదం కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే మానిఫోల్డ్‌కు (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాలకు) వాక్యూమ్ గేజి పెట్టి చూడండి. ఐడిల్‌లో వాక్యూమ్ 18 అంగుళాల (పాదరసం) దరిదాపుల్లో ఉండాలి. పాత యజమాని ఎవరైనా రేసు క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులను తెరిచే ఇరుసు) వేసి ఉంటే అంత రాదు, అప్పుడు కొత్త బూస్టర్ వేసినా ఫలితం శూన్యం.

సమాధానం 2:
బ్రేకులు పట్టేయడం వేరే జబ్బు. బూస్టర్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య ఉండే పుష్ రాడ్ కాస్త పొడవైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రిజర్వాయర్‌కు దారి మూసుకుపోతుంది, వేడికి వ్యాకోచించిన బ్రేక్ ఆయిల్ వెనక్కి పోలేక ప్యాడ్లను నొక్కి ఉంచుతుంది. చక్రాలు పట్టేసి ఉన్నప్పుడే బండిని స్టాండ్లపై నిలిపి, మాస్టర్ సిలిండర్ నట్లు రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేయండి. చక్రం తిరిగితే దోషం రాడ్‌దే. తిరగకపోతే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మీది బ్లీడర్ మరను తెరిచి ఆయిల్ పీడనం వదలండి. అప్పుడు తిరిగితే పీడనం లైనులోనో వాల్వులోనో చిక్కుకుందని, అప్పటికీ తిరగకపోతే కాలిపరే బిగుసుకుందని అర్థం.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గేజి 11 అంగుళాలే చూపింది, క్యామ్‌షాఫ్ట్ గురించిన అనుమానం నిజమేనని తేలింది. నట్లు వదులు చేయగానే చక్రం తేలిగ్గా తిరిగింది. రాడ్‌ను కురచ చేసి, కొద్దిపాటి ఖాళీ ఉంచాను, ఇప్పుడు పట్టేయడం లేదు. విద్యుత్ వాక్యూమ్ పంపు తెప్పిస్తున్నాను.

సమాధానం 1:
పంపు బిగించాక పెడల్ మరీ సున్నితంగా, ప్రయాణం ఎక్కువగా అనిపిస్తే కంగారుపడకండి. బూస్టర్ లేని మామూలు బ్రేకుల పెడల్‌కు నిష్పత్తి (పాదం బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందన్నది) సుమారు 6:1, పవర్ బ్రేకుల పెడల్‌కు సుమారు 4:1. మీరు పాత పెడల్‌నే ఉంచి ఉంటే దానినీ మార్చవలసి వస్తుంది. డాష్ కింద వెల్లకిలా పడుకుని చేయవలసిన పని కనుక ఒక ఆదివారం కేటాయించుకోండి.