చీటీ కొన్నాం, కానీ అద్దంలోంచి కనబడలేదు: కట్టిన పార్కింగ్ జరిమానాను వెనక్కి అడగవచ్చా?

గజపతినగరం టీచర్ (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. చెల్లెలి పెళ్లి బట్టల కోసం పోయిన ఆదివారం అమ్మనూ చెల్లెల్నీ తీసుకుని కారులో విజయనగరం వెళ్లాను. గంటస్తంభం చుట్టుపక్కల బండి ఆపడానికి చోటు దొరకదని తెలుసు కనుక, కొంచెం ఎడంగా ఉన్న ఒక పెయిడ్ పార్కింగ్ స్థలంలో కారు పెట్టాను. గేటు దగ్గరి కుర్రవాడికి 40 రూపాయలు యూపీఐలో కట్టగా, అతను చేతిమిషన్‌లోంచి మూడు గంటలకు చెల్లే చీటీ తీసి ఇచ్చాడు. దానిని అంకెలు పైకి కనబడేలా డాష్‌బోర్డు మీద పెట్టి, తలుపు వేసి వెళ్లాం.

గంటన్నర తర్వాత వచ్చి చూస్తే ముందు చక్రానికి తాళం వేసి ఉంది. చీటీ కనబడడం లేదు కాబట్టి 500 రూపాయలు జరిమానా కట్టాలన్నారు. వెతికితే అది అద్దానికీ డాష్‌బోర్డుకూ మధ్య ఉన్న సందులోకి జారిపోయి ఉంది. అమ్మ తలపిన్ను తీసి ఇస్తే దానితో మెల్లగా పైకి లాగాను. ఎండ వేడికి కాగితం కింది సగం నల్లగా మాడినట్టయిపోయింది గానీ, పై సగంలో 11.12 అన్న సమయమూ కారు నంబరులోని చివరి నాలుగు అంకెలూ స్పష్టంగానే ఉన్నాయి. అది చూపించినా వినలేదు. చీటీ బయటికి కనబడాలన్న షరతు చీటీ వెనకాలే ఉందన్నారు. గేటు దగ్గరి బోర్డు మీద మాత్రం రేట్లు తప్ప మరేమీ లేవు. అమ్మకు బీపీ ఉంది, ఆ ఎండలో ఆమెను నిలబెట్టలేక 500 కట్టేశాను.

డబ్బు కట్టినవాళ్లను ఎగ్గొట్టినవాళ్ల కింద జమకట్టడం నాకు మనసుకు పట్టడం లేదు. కట్టేసిన తర్వాత కూడా దీనిని సవాలు చేయవచ్చా? ఎవరికి రాయాలి?

బొబ్బిలి వాసి

టీచరుగారూ, ముందు ఆ జరిమానా వేసింది ఎవరో తేల్చుకోండి, ఎందుకంటే మిగిలిన దారి అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. పోలీసులు వేసినదైతే చలానా నంబరు ఉంటుంది, ప్రభుత్వ ఈ-చలానా సైటులో బండి నంబరు కొడితే కనబడుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 177 ప్రకారం మొదటి తప్పుకు 500 రూపాయల వరకు జరిమానా ఉంది కనుక, ఆ అంకె చూసి చాలామంది ఇది కూడా సర్కారు జరిమానాయే అనుకుంటారు. స్థలం పాట పాడుకున్న గుత్తేదారు మనుషులు వేసినదైతే అది చట్టం వేసిన శిక్ష కాదు, మీకూ వారికీ మధ్య ఉన్న ఒప్పందం కింద అడిగిన డబ్బు మాత్రమే. మీకు ఇచ్చిన కాగితం మీద ఏముందో చెప్పగలరా?

గజపతినగరం టీచర్

ధన్యవాదాలండీ. చిన్న కాగితం మీద పెన్నుతో కారు నంబరు, "పెనాల్టీ 500" అని రాసి రబ్బరు ముద్ర వేశారు. వరుస నంబరు లేదు, ఏ చట్టం కిందనో లేదు. సైటులో చూశాను, నా కారు మీద చలానా ఏదీ లేదు.

పాత ఆశీళ్ల మనిషి

అమ్మా, నేను కొన్నేళ్లు శ్రీకాకుళంలో ఒక సంత దగ్గర ఆశీలు వసూలు చేసే పనిలో ఉన్నాను కనుక ఆ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. చీటీ కనబడాలనడంలో తప్పు లేదు. ఎండలో వరసగా బండ్లు చూసుకుంటూ పోయేవాడికి అద్దంలోంచి కనబడే కాగితం తప్ప మరో ఆధారం ఉండదు, పాత చీటీలు పెట్టి మోసం చేసేవాళ్లూ ఉంటారు. అయితే బండి మనిషి వచ్చి చీటీ చేతికి ఇచ్చాక సంగతి అక్కడితో తేలిపోవాలి. మేము అలాంటప్పుడు మిషన్‌లో ఆ రోజు పద్దు తీసి సమయం సరిచూసి పంపించేసేవాళ్లం.

మీరు అడగవలసింది ఆ పద్దే. చీటీ కొట్టేటప్పుడు బండి నంబరు ఎక్కించారంటే అది మిషన్‌లో కూడా ఉంటుంది. ఆ రోజు 11.12 నాటి నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, ఆలస్యం చేయవద్దు. మేము వాడిన మిషన్లలో పాత పద్దులు కొన్నాళ్లకు చెరిపేసేవారు. మీ దగ్గరున్న చీటీని ఇవాళే ఫోటో తీసి, నీడలో, పుస్తకం మధ్యలో దాచండి. ఆ కాగితానికి సిరా ఉండదు, వేడికి రంగు మారే పూత మీద అక్షరాలు పడతాయి. అందుకే ఎండకు నల్లబడింది, మిగిలిన అక్షరాలూ వెలిసిపోతాయి.

రాజాం చదువరి

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూడండి. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే షరతు ఉంటే దానిని అన్యాయమైన ఒప్పందం అంటుంది సెక్షన్ 2(46). విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే సరిపోతుంది.

విజయనగరం న్యాయవాది

రాజాం మిత్రులు చెప్పిన సెక్షన్ సరైనదే గానీ, ఒక చిక్కు ఉంది. ఒప్పందమే అన్యాయమైనదని ప్రకటించమని కోరే ఫిర్యాదును వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, అది సెక్షన్ 47 ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు, అంటే విజయవాడకు, వెళుతుంది. 500 రూపాయల కోసం ఆ ప్రయాణం అక్కరలేదు. సేవలో లోపం జరిగిందని, కారణం లేకుండా తీసుకున్న డబ్బు తిరిగి ఇప్పించమని కోరితే జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ప్రతిఫలం, అంటే సేవకు ఇచ్చిన డబ్బు, 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవలసిన నిర్బంధం లేదు, రెండేళ్ల గడువు ఉంది.

మీ వాదనకు అసలు బలం కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 74. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందుగా రాసుకున్నా, ఎదుటిపక్షానికి దక్కేది ఆ మొత్తానికి మించని సముచితమైన పరిహారం మాత్రమే. నష్టమే జరగనిచోట పరిహారం అడగడం కుదరదని కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో వారికి రావలసిన 40 రూపాయలు మీరు దిగిన నిమిషంలోనే ముట్టాయి. చీటీ కనబడకపోవడం వల్ల వారికి పోయినదేమిటో చెప్పవలసిన బాధ్యత వారిదే.

షరతు చీటీ వెనకాల ఉందన్న మాటకూ జవాబుంది. 1971లో ఇంగ్లండు అప్పీలు కోర్టు, షూ లేన్ పార్కింగ్ కేసులో, గేటు దగ్గర యంత్రంలోంచి వచ్చిన టికెట్ మీది షరతులు అప్పటికే కుదిరిపోయిన ఒప్పందంలో చేరవని తీర్పునిచ్చింది. ఆ తీర్పును మన కోర్టులు పాటించి తీరాలని లేదు, అక్కడి తగాదా కూడా జరిమానా గురించి కాదు, కానీ తర్కం మీకు అచ్చంగా సరిపోతుంది. అందుకే గేటు దగ్గరి బోర్డును ఫోటో తీయడం చీటీని దాచుకోవడమంత ముఖ్యం, రేపు వారు బోర్డు మార్చేయవచ్చు.

కేసు కన్నా ముందు ఆ గుత్తేదారుకు ఒక ఉత్తరం రాయండి. తేదీ, సమయం, కారు నంబరు, యూపీఐ లావాదేవీ 12 అంకెల రిఫరెన్సు నంబరు వేసి, మిషన్ పద్దు నకలూ 500 రూపాయలూ 15 రోజుల్లో ఇమ్మని అడిగి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. కోపపు మాట ఒక్కటి కూడా రాయకండి, రేపు ఆ కాగితాన్ని చదివేది మూడో మనిషి. స్థలం ఏదైనా ప్రభుత్వ సంస్థదైతే, గుత్త షరతుల్లో చక్రానికి తాళం వేసే అధికారం, జరిమానా రేటు ఉన్నాయా అని 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. షరతుల్లో ఆ మాటే లేదని తేలితే వారి దగ్గర ఇక వాదన మిగలదు.

గజపతినగరం టీచర్

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ఉత్తరం పంపాను. పదకొండో రోజున వారి సూపర్‌వైజరు ఫోను చేసి, పద్దులో 11.12కు నా కారు నంబరు ఉందని ఒప్పుకుని, సగం ఇస్తామన్నారు. చీటీ ఉందని ఒప్పుకున్నాక సగం ఎందుకని అడిగాను. మరునాడు 500 రూపాయలూ నా ఖాతాకు వచ్చాయి, ముట్టినట్టు రాసి ఇచ్చాను.

నిన్న అటుగా వెళ్లినప్పుడు చూశాను, బోర్డు మీద ఇంకా రేట్లే ఉన్నాయి. స్థలం ప్రభుత్వానిదేనని తెలిసింది కనుక సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టేశాను. వచ్చే సోమవారం కలెక్టరేటులో ఫిర్యాదులు తీసుకునేటప్పుడు బోర్డు ఫోటోతో వెళ్లి, షరతు ఏదైనా ఉంటే డబ్బు తీసుకోకముందే కనబడేలా తెలుగులో రాయించమని అర్జీ ఇస్తాను.