ఇనుప మేకు ఎర్రబడింది, అల్యూమినియం ఫాయిల్ ఎందుకు మారలేదు?

ప్రశ్న (పదో తరగతి విద్యార్థిని తల్లి):
స్థానభ్రంశ చర్యల (ఒక లోహం మరో లోహాన్ని దాని ద్రావణం నుంచి వెళ్లగొట్టే చర్యల) పాఠం కోసం మా అమ్మాయి రెండు గాజు గ్లాసుల్లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం పోసి, ఒకదానిలో గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకును, రెండో దానిలో అల్యూమినియం ఫాయిల్ ముక్కను వేసింది. పావుగంటలో మేకుకు ఎర్రని రాగి పూత పట్టింది. ఫాయిల్ మాత్రం గంట దాటినా వేసినది వేసినట్టే మెరుస్తోంది. లోహాలను చురుకుదనం ప్రకారం పేర్చిన చర్యాశీలత శ్రేణిలో అల్యూమినియం ఇనుముకన్నా పైన ఉంది కదా, మరి ఇలా ఎందుకు జరిగింది?

జవాబు (రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు):
శ్రేణిలో తప్పేమీ లేదమ్మా. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (ఇది ఎంత తక్కువైతే లోహం అంత తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుతుంది) అల్యూమినియానికి -1.66 వోల్టులు, ఇనుముకు -0.44, రాగికి +0.34 కనుక, ద్రావణం నుంచి రాగిని వెళ్లగొట్టే సత్తా అల్యూమినియానికే ఎక్కువ. అయితే గాలి తగలగానే దానిపై కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి, లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని, రాగి అయాన్లను దరిచేరనివ్వదు. ఇనుము తుప్పు పెచ్చులుగా ఊడిపోతుంది, పైగా మేకును మీరు రుద్ది మరీ వేశారు. ఫాయిల్ ఉన్న గ్లాసులో అరచెంచా ఉప్పు వేసి చూడండి. క్లోరైడ్ అయాన్లు ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తాయి. గ్లాసు వేడెక్కుతుంది, జాగ్రత్త. మైలుతుత్తం విషపదార్థం కాబట్టి ఆ గ్లాసులను మళ్లీ వంటింట్లో వాడకండి.

జవాబు (బత్తాయి రైతు):
తోటలో తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమానికి మేము ఈ చర్యనే పరీక్షగా వాడతాం. 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున, ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కలుపుకొని, రెండింటినీ ఒకటి చేశాక, తోమిన కొడవలి అంచును కాసేపు ముంచి తీస్తాం. ఎర్రని మరక పడితే రాగి ఇంకా విడిగా మిగిలి ఉన్నట్టు, చల్లితే ఆకు మాడినట్టే. మరక పడనంత వరకు సున్నపు నీరు పోస్తాం. ఒకసారి తెలియక పాత అల్యూమినియం బిందెలో మైలుతుత్తం నానబెడితే, తెల్లవారేసరికి అడుగున చిల్లులు పడ్డాయి. మా బోరు నీరు ఉప్పన అన్న సంగతి పై జవాబు చదివాకే తట్టింది.

ప్రశ్న అడిగినవారు:
ఉప్పు వేసిన కొద్ది నిమిషాల్లోనే బుడగలు లేచి, ఫాయిల్ తూట్లు పడి, ఎర్రమట్టి రంగు మడ్డి అడుగుకు దిగింది. ఇప్పుడు మా అమ్మాయి మేకును తూస్తానంటోంది. బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?

జవాబు (రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు):
పెరగాలి. 56 గ్రాముల ఇనుము కరిగితే 63.5 గ్రాముల రాగి వచ్చి చేరుతుంది. కాకపోతే పూత రాలకుండా ఆరబెట్టాలి, కూరగాయల కాటాకు అంత చిన్న తేడా అందదు.