శ్రీవిజయ: పొలాలు లేని రాజు సముద్రాన్ని ఎలా ఏలాడు?

రేవుగట్టు
సుమత్రా దీవిలోని శ్రీవిజయ గురించి చదువుతున్నాను. ఏడో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఆ పేరు వినిపిస్తూనే ఉంటుంది. కానీ రాజధాని అనుకుంటున్న పాలెంబాంగ్ చుట్టూ చిత్తడి, మడ అడవి. చెప్పుకోదగ్గ కోట లేదు, కంబోడియాలోని అంగ్కోర్ లాంటి గుడీ లేదు. మరి మలక్కా జలసంధి అక్కడి రాజు గుప్పిట్లో ఎలా ఉంది? ఇంకో సందేహం. పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకన్ బుకిత్ శాసనంలో రాజు వెంట "దువ లక్ష" బలం నడిచిందని ఉంది. రెండు లక్షల మందిని పడవల్లో తీసుకెళ్లడం సాధ్యమేనా? రోజూ నీళ్లలో బంగారు ఇటుక వేసేవాడన్న కథ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

శిలాక్షరం
ముందు ఆ లక్ష సంగతి. అక్కడ మన లెక్క పనికిరాదు. ఆ శాసనం ఉన్న పాత మలయు భాషలో "లక్ష" అంటే పదివేలు. సంస్కృతం నుంచి మాట వెళ్లింది, విలువ మారింది. కాబట్టి "దువ లక్ష" ఇరవై వేలు. అదే వాక్యంలో కాలినడకన వచ్చినవాళ్లు 1,312 మంది అని విడిగా ఉంది. ఒక అంకె గాల్లోకి విసిరినట్టు, ఇంకొకటి తల తల లెక్కపెట్టినట్టు. నాకైతే రెండోదే నమ్మబుద్ధేస్తుంది. మొదటిది రాజు గొప్పకు రాసిన గుండుగుత్త లెక్క. "వల" అంటే బలం, "కోశ" అంటే కోశం. తెలుగువాళ్లు ఈ శాసనాన్ని చదువుతుంటే సగం మాటలు ఇట్టే తగులుతాయి, అందుకే పొరపాటూ తేలిక.

ఇక గుప్పిట్లో ఎలా ఉంది అన్నదానికి పాలెంబాంగ్ దగ్గరే దొరికిన తెలగ బాటు రాయి చూడాలి. పైన ఏడు పడగల నాగు, కింద 28 పంక్తుల శాసనం, దాని అడుగున నీళ్లు జారడానికి చిన్న తూము. రాతి మీద పోసిన నీళ్లు అక్షరాల మీదుగా జారి తూములోంచి వస్తాయి. కొలువులో ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగి ప్రమాణం చేసేవారని పండితుల అభిప్రాయం. ద్రోహం చేస్తే ఆ శాపమే చంపుతుంది. శాపం వర్తించేవాళ్ల పట్టీ చూడండి: రాజకుమారులు, సేనానులు, "పుహావం" అంటే ఓడ నాయకులు, "వణియాగ" అంటే వర్తకులు, చివరికి రాజుగారి చాకళ్లు. ఓడ నడిపేవాడి చేతా సరుకు అమ్మేవాడి చేతా ఒట్టు పెట్టించుకున్నాడంటే, భయం ఎటునుంచి ఉందో తెలుస్తోంది కదా. భూమి ఉన్న రైతు పారిపోలేడు. ఓడ ఉన్నవాడు రాత్రికి రాత్రే లంగరెత్తి పక్క రేవుకు పోగలడు.

నైరుతిగాలి
శిలాక్షరం గారు చెప్పింది లోపలి కట్టు. బయటి కట్టు గాలిది. జలసంధి నుంచి చైనాకు పోవాలంటే నైరుతి రుతుపవనం కావాలి, సుమారు మే నుంచి సెప్టెంబరు. చైనా నుంచి ఇటు రావాలన్నా, ఇక్కణ్నుంచి బంగాళాఖాతం దాటి మన తీరానికి రావాలన్నా చలికాలపు ఈశాన్య గాలి. గాలి ఒకటే అయినా, ఆ గాలి కాలం అయిపోకముందే ఈ చివర నుంచి ఆ చివరకు పోవడం కష్టం. మధ్యలో ఎక్కడో నెలల తరబడి ఆగక తప్పదు. ఆగిన ఓడకు తాగునీరు, బియ్యం, చెక్క, తాళ్లు, సరుకు దింపుకోను గిడ్డంగి కావాలి. శ్రీవిజయ అమ్మింది ముఖ్యంగా ఈ ఆగే చోటునే.

చైనా భిక్షువు ఇత్సింగ్ ప్రయాణమే దీనికి కొలబద్ద. 671లో చలికాలపు గాలి పట్టి గ్వాంగ్‌జౌలో బయల్దేరి, ఇరవై రోజులు కూడా పట్టకుండా శ్రీవిజయ చేరాడు. అక్కడ ఆరు నెలలు వ్యాకరణం నేర్చుకుంటూ ఉండిపోయాడు. తర్వాత సుమత్రాలోనే ఉన్న మలయు రాజ్యంలో రెండు నెలలు. అక్కణ్నుంచి మలయ్ ద్వీపకల్పంలోని కెడా రేవుకు వెళ్లి, పన్నెండో నెలలో రాజుగారి ఓడలోనే మళ్లీ బయల్దేరాడు. పది రోజులకు దిగంబరుల దీవి, అంటే నికోబార్. అక్కడివాళ్లు పడవల్లో ఎదురొచ్చి, రెండు వేళ్లంత ఇనుప ముక్కకు ఐదో పదో కొబ్బరికాయలు ఇచ్చారట. మరో పక్షం రోజులకు బెంగాల్ తీరపు రేవు తామ్రలిప్తి. నీటి మీద గడిచింది వారాలు, గాలి కోసం ఆగింది నెలలు.

ఆగకుండా దాటిపోదామనుకుంటే? 1225లో చైనా రేవు అధికారి ఝావో రుగువా రాసిపెట్టాడు: రేవులోకి రాకుండా పోయే ఓడ మీదికి ఇక్కడి పడవలు చావుకు తెగించి విరుచుకుపడేవి. దొంగల్ని ఆపడానికి పూర్వం ఒక ఇనుప గొలుసు ఉండేదట, వర్తకుల ఓడ వస్తే దించేవారు.

కోటిపల్లిరేవు
ఆ బలవంతమే చివరికి చేటు తెచ్చిందని నా అభిప్రాయం. రాజరాజ చోళుడి కాలంలో స్నేహమే. నాగపట్నంలో శ్రీవిజయ రాజు కట్టించిన చూడామణి విహారానికి 1006 ప్రాంతంలో ఆనైమంగలం గ్రామం దక్కింది. ఇరవై ఏళ్లు తిరగకముందే, 1025లో, రాజేంద్ర చోళుడి ఓడలు శ్రీవిజయ రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మను పట్టుకున్నాయి. రాజేంద్రుడి విజయాలు పొగిడే ప్రశస్తిలో కడారం (కెడా), శ్రీవిజయ, మలైయూర్‌ (మలయు)తో కలిపి డజనుకు పైగా చోట్లున్నాయి. చోళులు అక్కడ స్థిరపడలేదు. దండయాత్ర కారణాలపై వాదనలున్నాయి, వర్తకుల దారి విడిపించడం వాటిలో బలమైనది. 1090లో అదే విహారానికి మళ్లీ శాసనం ఇచ్చింది వేంగి రాజరాజ నరేంద్రుడి కొడుకు, చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. మన సంబంధం అక్కడ తగులుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడిది. 1244 నాటి అభయ శాసనంలో, తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు పూర్వ రాజులు లాక్కునేవారని ఒప్పుకుని, తాను మాత్రం ముప్పయ్యోవంతు సుంకమే తీసుకుంటానని రాయించాడు. ఆయనకు వరి పండే భూమి ఉంది, రేవు అదనపు రాబడి. శ్రీవిజయకు రేవే సర్వస్వం.

రేవుగట్టు
అందరికీ ధన్యవాదాలు. లక్షను పదివేలుగా దిద్దుకున్నాను. ఇటుకల మాట?

శిలాక్షరం
పదో శతాబ్దంలో పర్షియా తీరపు రేవు సిరాఫ్‌కు చెందిన అబూ జైద్ చెప్పిన కథ అది. రాజభవనం పక్కన పోటు నీళ్లు ఎక్కే మడుగు. రోజూ పొద్దున ఒక బంగారు ఇటుక అందులో వేస్తారు. పోటుకు మునుగుతాయి, పాటుకు బయటపడి ఎండలో మెరుస్తాయి. రాజు పోయాక అన్నీ తీసి, లెక్కపెట్టి, కరిగించి, రాజబంధువులకూ సేనానులకూ పరిచారకులకూ పంచేస్తారు. ఎన్ని ఇటుకలైతే అంత గొప్ప రాజు. కథ మాట అటుంచి, పాలెంబాంగ్ దగ్గర మూసీ నదికి నిజంగానే పోటు ఎక్కుతుంది. మన రాజులు సేనానికి ఊరు రాసిచ్చేవారు. రాసివ్వడానికి ఊళ్లు లేని రాజు, ఒట్టు పెట్టినవాళ్లకు చేతిలో పెట్టగలిగింది ఆ బంగారమే.