ఈఎల్84 కిట్, 86 డీబీ స్పీకర్లు: 4 వాట్లు సరిపోతాయా?

వేసవి_వెన్నెల (కాకినాడ)
అందరికీ నమస్కారం. మొదటిసారి వాల్వు (గాజు ట్యూబు) యాంప్లిఫయర్ కిట్ కట్టబోతున్నాను. సింగిల్ ఎండెడ్, ఛానల్‌కి స్పీకరుని నడిపే వాల్వు ఒక ఈఎల్84, రెండింటికీ ముందు సిగ్నల్ పెంచే చిన్న వాల్వు ఒక ఈసీసీ83. ఛానల్‌కి 4 వాట్లు వస్తుందని రాశారు. ట్రాన్స్‌ఫార్మర్లు, ఛాసీ, మిగతా భాగాలు వచ్చేశాయి. వాల్వులు విడిగా కొనుక్కోవాలి. స్పీకర్లు 86 డీబీ బుక్‌షెల్ఫ్‌వి. వెనకాల 8 ఓమ్‌లు అని ఉంది, మల్టీమీటర్ పెడితే 6.2 చూపిస్తోంది. గది 12 బై 14 అడుగులు. వినేది ఎక్కువగా ఘంటసాల, లీల పాటలు, త్యాగరాజ కీర్తనలు.

ఈ స్పీకర్లకి 4 వాట్లు చాలతాయా? ఇంకో సంగతి. మా తాతగారి ఫిలిప్స్ రేడియోలో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ ఈఎల్84 ఒకటి ఉంది. రేడియో పదేళ్లుగా పలకడం లేదు. ఆ వాల్వు తీసి ఇందులో పెట్టుకోవచ్చా?

ఓమ్_లెక్కలు (హైదరాబాద్)
చాలవు. 86 డీబీ అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ చప్పుడు. అక్కడి నుంచి 3 డీబీ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 2 వాట్లకి 89, 4 వాట్లకి 92. అంతటితో మీ యాంప్ పని అయిపోయింది. మీరు కూర్చునేది మూడు మీటర్ల దూరంలో. రెండో స్పీకరునీ గోడల సాయాన్నీ కలుపుకున్నా చెవి దగ్గరికి వచ్చేది 86, 87. అదీ గరిష్ఠం. మృదంగం దెబ్బ సగటు కంటే 12, 15 డీబీ పైకి లేస్తుంది. అంటే సగటున 72 దగ్గర వినాలి. ఎండాకాలం ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే తంబురా శ్రుతి వినపడదు.

94 డీబీ స్పీకర్లు తీసుకోండి. వాటి మీద మీ 4 వాట్లు ఇప్పుడున్న వాటి మీద 25 వాట్లతో సమానం. ముందు స్పీకరు ఎంచుకోవాలి, తర్వాత యాంప్. మీరు తిరగేసి చేశారు.

6.2 గురించి కంగారు వద్దు. అది తీగ చుట్ట డీసీ నిరోధం. 8 ఓమ్ స్పీకరుకి దాదాపు అంతే చూపిస్తుంది.

రేడియో ఎలాగూ పలకడం లేదు కాబట్టి వాల్వు తీసేసుకోండి.

రేడియో_మాస్టారు (రాజమండ్రి)
బాబూ, రేడియో జోలికి పోకు.

4 వాట్లు చాలవన్న మాట నేను ఒప్పుకోను. మీ తాతగారి రేడియోలో ఉన్నదీ ఆ వాల్వే, ఒక్కటే. దానితోనే వీధి అరుగు మీద పదిమంది కూర్చుని వార్తలు వినేవాళ్లు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

ఓమ్_లెక్కలు
మాస్టారూ, ఆ రేడియోల్లో పెద్ద కాగితపు కోను, తేలికైనది, చెక్కపెట్టెలో ఉండేది. అలాంటి స్పీకరు తక్కువ పవర్‌కే గట్టిగా పలుకుతుంది. మీరు చెప్పింది నా మాటకే బలం. ఇప్పటి బుక్‌షెల్ఫ్‌లో చిన్న పెట్టెలోంచి బేస్ రప్పించడానికి కోను బరువు పెంచుతారు, దానితో సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కి ఎంత గట్టిగా పలుకుతుందన్నది, పడిపోతుంది.

డల్లాస్_వాసి
బ్రదర్, 8 ఓమ్ స్పీకర్ని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో 4 ఓమ్ ట్యాపుకి (స్పీకరు తగిలించే కనెక్షన్) వేసి చూడు. బేస్ బిగుతుగా వస్తుంది. నేను అలాగే వాడుతున్నాను.

ఓమ్_లెక్కలు
కొత్తగా కట్టేవాళ్లకి దయచేసి ఇది చెప్పకండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ 5,000 ఓమ్‌లదనుకుందాం. 8 ట్యాపుకి 8 ఓమ్ స్పీకరు వేస్తే వాల్వుకి 5,000 ఓమ్‌ల లోడ్ కనపడుతుంది. 4 ట్యాపుకి వేస్తే 10,000. పవర్ తగ్గుతుంది. ఉన్నదే 4 వాట్లు!

డల్లాస్_వాసి
వాల్వుకేమీ కాదు కదా. పైగా డ్యాంపింగ్ (స్పీకరు కోను మీద యాంప్ పట్టు) పెరుగుతుంది. నా చెవితో విన్నాను.

ఓమ్_లెక్కలు
మీది ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు) యాంప్ అయి ఉంటుంది. దానికి లోడ్ పెంచితే డిస్టార్షన్ తగ్గుతుంది. ఈఎల్84ని పెంటోడ్‌గా (ఐదు ఎలక్ట్రోడ్లతో) వాడుతున్నప్పుడు ఆ లెక్క వర్తించదు. డ్యాంపింగ్ పెరుగుతుందన్నది నిజమే, నేను కాదనలేదు. పవర్ పోతుందన్నాను.

డల్లాస్_వాసి
మీరు ఒకసారైనా అలా వేసి విన్నారా, లేదా? అది చెప్పండి.

పాటల_పిచ్చి (విజయవాడ)
నాది ఇలాంటి యాంపే, స్పీకర్లు 88 డీబీ. రాత్రి పదింటి తర్వాత హాయిగా ఉంటుంది. పగలు రోడ్డు చప్పుడులో చాలదు. ఇంట్లో నలుగురూ మాట్లాడుకుంటుంటే అసలు చాలదు.

వేసవి_వెన్నెల
నేను వినేది రాత్రిపూటే. కొత్త స్పీకర్లు కొనే స్తోమత ఇప్పుడు లేదు. వాల్వు గురించి ఎవరైనా చెప్పండి. తీస్తే రేడియోకి ఏమైనా అవుతుందా?

రేడియో_మాస్టారు
రేడియోకి ఏమవుతుందని అడుగుతున్నావు. ఇక అది రేడియో కాకుండా పోతుంది.

నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఈమధ్య మా షాపుకి వచ్చేవాళ్లు రేడియో బాగుచేయమని అడగడం లేదు, "ఇందులో ఈఎల్84 ఉందా" అని అడుగుతున్నారు. మొన్న ఒకాయన పలుకుతున్న సెట్టు కొన్నాడు. నా ఎదురుగానే రెండు వాల్వులు పీక్కుని, పెట్టె అక్కడే వదిలేసి వెళ్లాడు. స్టేషన్ కుదిరిందో లేదో చూపే పచ్చకన్ను ఇంకా నిండుగా వెలిగే సెట్టు అది. ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు. ఓమ్_లెక్కలుగారూ, డెసిబెల్స్ సంగతి ఎంతసేపైనా మాట్లాడుకుందాం. మీరు ఆ కుర్రాడికి "తీసేసుకోండి" అని ఒక్క ముక్కలో చెప్పారే, నా బాధంతా దాని గురించే.

ఓమ్_లెక్కలు
అయితే నా బాధ కూడా వినండి. మా నాన్న రేడియో ఇలాగే ఆగిపోతే ఒక మెకానిక్‌కి ఇచ్చాం. భాగాలు దొరకడం లేదంటూ ఏడాది తిప్పాడు. చివరికి తిరిగొచ్చినదానిలో ఒక్క వాల్వు కూడా లేదు. అడిగితే "మీరిచ్చినప్పుడే లేవు" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు, దాని మీద గుడ్డ కప్పి పక్కన పెట్టేశారు. వాల్వులు పీకేది కిట్లు కట్టేవాళ్లు మాత్రమే కాదు.

నేను నా యాంప్‌కి వాల్వులు తుక్కు కొట్లో కొన్నాను. కిలోల లెక్కన పోవాల్సిన సెట్లవి. ఇప్పుడు అవి రోజూ రాత్రి వెలుగుతున్నాయి. అది తప్పెలా అవుతుంది?

రేడియో_మాస్టారు
అలాంటి మెకానిక్‌లు ఉన్నారు. నేను కాదనను. మీ నాన్నగారి విషయంలో జరిగింది దొంగతనమే. తుక్కులోంచి తీసుకున్నదాన్నీ నేను తప్పు పట్టను. కానీ ఈ అబ్బాయి రేడియో తుక్కులో లేదు, ఇంట్లో ఉంది.

బాబూ, ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. పదేళ్లుగా పలకడం లేదంటే వాల్వు పోయిందని కాదు, చాలాసార్లు కండెన్సర్లే కారణం. ఈఎల్84 గ్రిడ్‌కి (సిగ్నల్ వాల్వులోకి వెళ్లే చోటు) వెళ్లే కాగితపు కండెన్సర్ లీకైతే వాల్వు మీద భారం పెరిగి కాలిపోయేంత వేడెక్కుతుంది. పవర్ సప్లైలో ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఎండిపోతే గుయ్యిమని హమ్ వస్తుంది. రెండూ కొత్తవి దొరుకుతాయి, పెద్ద ఖరీదు కాదు. అందులో ఈఎల్84 ఉందంటే అది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు అయి ఉండాలి, కాబట్టి నీ అదృష్టం. ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా యూఎల్84 ఉండే ఏసీ/డీసీ సెట్లలో ఛాసీకే కరెంటు ఉండొచ్చు. వెనకాల గ్రామఫోన్ సాకెట్ ఉందేమో చూడు. ఉంటే బాగయ్యాక ఫోను పెట్టుకుని కూడా వినొచ్చు.

ఇంకోటి. నీ కిట్‌కి రెండు ఈఎల్84లు కావాలి, నీ దగ్గర ఉన్నది ఒకటి. పాతదొకటి, కొత్తదొకటి పెడితే ఎడమ కుడి ఒకేలా పలకవు. రష్యావి, స్లొవేకియావి కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. ఒక జత కొనుక్కో.

ఓమ్_లెక్కలు
జత సంగతి నేను ఆలోచించకుండా రాశాను, అది నా పొరపాటే. కొత్త జతే కొనండి. రెండు జాగ్రత్తలు. స్పీకరు తగిలించకుండా యాంప్ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో (మాస్టారు చెప్పిన కండెన్సర్లే) 300 వోల్టులు మిగిలి ఉంటాయి. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

స్పీకర్ల విషయంలో మాత్రం నా మాట మారదు. 86 చాలవు.

డల్లాస్_వాసి
కిట్ ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులదా, 230దా? ఇక్కడి నుంచి పంపించినవైతే ముందు అది చూసుకో.

వేసవి_వెన్నెల
230దే, చూశాను.

మాస్టారూ, రేడియో వెనక చెక్క విప్పాను. లోపల పసుపు మైనం కారిన కండెన్సర్లు ఆరు ఉన్నాయి, ఒకటి పగిలింది. గ్రామఫోన్ సాకెట్ కూడా ఉంది. మా అమ్మ వచ్చి చూసి, "తాతగారు దీని పక్కనే కూర్చుని షేవింగ్ చేసుకునేవారు" అంది. వాల్వు తీయను. యాంప్ వాల్వులకి వచ్చే నెల ఆర్డర్ పెడతాను.

ముందు ఏది మార్చాలి?

రేడియో_మాస్టారు
ప్లగ్ పెట్టకు. ఈఎల్84 సాకెట్ రెండో పిన్ను చూడు, అది గ్రిడ్. అక్కడి నుంచి ముందు వాల్వు వైపు వెళ్లే కండెన్సర్ ఒకటి ఉంటుంది. దాని మీద అంకె ఏమైనా చదవగలిగేలా ఉందా?