బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు విమాన దూరం, ప్రయాణ సమయం: నా లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న (మల్లేశ్వరం నుంచి)

అందరికీ నమస్కారం. డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి మొదటిసారి వెళ్తున్నాము. బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరం సుమారు 14,000 కిలోమీటర్లని చదివాను. విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే పదిహేనున్నర గంటలు సరిపోవాలి. కానీ టికెట్లలో అంతకంటే ఎక్కువ చూపిస్తున్నారు, అదీ వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. జనవరిలో ఒక సోమవారం మా నాన్నగారి ఆబ్దికం ఉంది. శనివారం రాత్రి అక్కడ విమానమెక్కితే ఆదివారానికి ఇల్లు చేరతామని అనుకుంటున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

అయ్యా, మీరు చదివిన అంకె సరైనదే, కాకపోతే అది భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి మాత్రమే. ఇంట్లో గ్లోబు ఉంటే పూలు కట్టే దారం ఒకటి తీసుకుని, ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం జపాన్ వైపు పోకుండా టిబెట్, సైబీరియాల మీదుగా ఉత్తరానికి ఎక్కి అలాస్కా వైపు దిగుతుంది. గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లైతే దారం సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది.

అయితే విమానం ఆ దారం వెంటే పోదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్లు వెంటనే సుమారు 10,000 అడుగులకు దిగాలి, టిబెట్ పీఠభూమి నేలే అంతకంటే ఎత్తు. అందుకే ఆ ప్రాంతాన్ని వీలైనంత వరకు తప్పించుకుంటారు.

రెండో సమాధానం

పైవారు చెప్పినదానికి గాలిని కూడా కలపాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి, వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వీటి జోరు మరింత ఎక్కువ. అందుకని టోక్యో మీదుగా పసిఫిక్ దాటితే దూరం సుమారు వెయ్యి కిలోమీటర్లు పెరిగినా, గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి సమయం కలిసివస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే దారిన వస్తే ఆ గాలికి ఎదురీదాలి.

మూడో సమాధానం

అన్నిటికంటే ముఖ్యం మీ ఆబ్దికం సంగతి, దయచేసి టికెట్ మార్చుకోండి. చలికాలంలో మన గడియారం వాళ్లకంటే పదమూడున్నర గంటలు ముందుంటుంది. శనివారం రాత్రి 8:30కి అక్కడ బయలుదేరి 17 గంటలు ఎగిరితే అక్కడి లెక్కన ఆదివారం మధ్యాహ్నం 1:30, మన లెక్కన సోమవారం తెల్లవారుజామున 3 గంటలు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపిన ఈ రెండు ఊళ్ల మధ్య ఎయిరిండియా తొలి నాన్‌స్టాప్ విమానం కూడా 9వ తేదీ రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. దేవనహళ్లి విమానాశ్రయం నుంచి ఇల్లు చేరి, స్నానం చేసి, అదే రోజు కార్యానికి కూర్చోవడం పెద్దవారికి చాలా శ్రమ.

అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మనవడి పాత గ్లోబు మీద దారం పెట్టి చూశాను, నిజంగానే సైబీరియా మీదుగా పోయింది. తిరుగు టికెట్‌ను గురువారానికి మార్పించుకుంటున్నాను.